బాలవిద్య – సజీవ జంతుపాఠము

ప్రాణులను చూచి పాఠము నేర్చుట మన దేశమునకు క్రొత్త గాదు. భాగవతమున అవధూత యదుమహారాజునకు తన గురువులు ఇరువదినలుగురని చెప్పెను. అందు పావురము, కొండచిలువ, శలభము, తేనెటీగ, ఏనుగు, లేడి, చేప, సర్పము, సాలెపురుగు కలవు. ఆ మహనీయుడు వీనిని పుస్తకములలో చదివినవాడు గాడు. తిరిగిన తావులందు కనులార చూచి, చూచినదానిని మనస్సున మథించి, గురుత్వము నొసగినాడు. చూపు ముందు, ఊహ తరువాత. విద్యకు ఇదియే సహజమైన క్రమము.

నేటి మన బాలునకు ప్రాణులతో గల పరిచయమెట్టిది? పంచతంత్రకథలలో నక్క రాజనీతి పలుకును. ఎలుక వల కొఱికి స్నేహధర్మము నుపదేశించును. 1853వ సంవత్సరమున పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడినది మొదలు తెలుగు బాలురు తరతరములుగ ఈ జంతువులతోనే చదువు ప్రారంభించిరి. భాషకును నీతికిని ఆ గ్రంథము చేసిన యుపకారము మేము తక్కువ చేయము. కాని ఆ నక్కయు ఎలుకయు మనుష్యులే. తోలు మాత్రము జంతువులది. కథ దాటి పాఠ్యపుస్తకమునకు వచ్చినచో అచ్చట ఒక బొమ్మయు, దానిక్రింద నాలుగు లక్షణములును ఉండును. బాలుడు వానిని వల్లించును; పరీక్షలో వ్రాయును; మఱునాడు మఱచును. బడిగోడ కావల పుట్టలోనున్న ప్రాణి కావలనే యుండును.

ఈ లోపమును తీర్చుటకు పాశ్చాత్యదేశములందు చిరకాలమునుండి యత్నములు జరుగుచున్నవి. 1873వ సంవత్సరమున లూయీ అగాసీ యను ప్రకృతిశాస్త్రజ్ఞుడు అమెరికా తూర్పుతీరమున పెనికీస్ అను చిన్నద్వీపమందు ఉపాధ్యాయులకు ఒక వేసవి పాఠశాల నెలకొల్పెను. స్త్రీపురుషులైన ఉపాధ్యాయులచే పుస్తకములను ప్రక్కకు పెట్టించి, సముద్రప్రాణులను ఎదుట నుంచి, చూచినది చెప్పుడని యడుగుట ఆయన పద్ధతి. ముందుగ గురువునకు చూపు నేర్పినగాని శిష్యునకు అబ్బదని ఆయన యెఱిగియుండెను. 1938వ సంవత్సరమున లండను జంతుశాలలో బాలురకై ప్రత్యేకముగ ఒక విభాగము తెఱచిరి. ఇప్పుడు అమెరికాలోను, ఇంగ్లండులోను గుడ్లగూబను, పామును, తాబేలును పెట్టెలలో నుంచుకొని బడిబడికి తిరిగి పాఠము చెప్పుట ఒక వృత్తియే అయినది.

అట్టి పాఠమువలన లాభము లేదనలేము. గుడ్లగూబ తల వెనుకకు త్రిప్పుట కన్నులార చూచిన బాలుడు దానిని జన్మమున మఱువడు. కాని ఆ పద్ధతి తెచ్చిన చిక్కులును తక్కువవి గావు. అమెరికాలో బాలురు ఆటవస్తువులవలె చేతబట్టి తిరిగిన చిన్న తాబేళ్ళవలన సాల్మొనెల్లా యను రోగము వ్యాపింపగా, నాలుగంగుళములకు తక్కువైన డిప్ప గల తాబేళ్ళ విక్రయమును 1975వ సంవత్సరమున అచ్చటి ప్రభుత్వమే నిషేధింపవలసి వచ్చెను. కోడిగ్రుడ్లను తరగతి గదిలో పొదిగించి పిల్లలు పుట్టుట చూపు పాఠమొకటి కలదు. పిల్లలు పుట్టిననాడు సంబరమే. నెల గడచిన తరువాత ఆ కోడిపిల్లల నెవరు పెంతురను ప్రశ్నకు బదులు చెప్పువారుండరు. ప్రాణిని తెచ్చువాడు దాని బ్రతుకును గూడ తలకెత్తుకొనవలెను. ఆ మాట మఱచిన పాఠము బాలునకు నేర్పునది ఒక్కటియే: ప్రాణి యనగా పని తీరినంతనే పాఱవేయదగిన వస్తువని.

మన దేశమున ఈ విషయమును శాసనము కొంతవఱకు తేల్చినది. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అడవిప్రాణిని అనుమతి లేక పట్టుటయు, ఇంట నుంచుకొనుటయు నేరము. జంతుశాలలను నడుపువారు 1992వ సంవత్సరమున ఏర్పడిన కేంద్ర జంతుశాలా ప్రాధికార సంస్థవలన గుర్తింపు పొందవలెను. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుతపులి, సింహము అను నైదింటిని ప్రదర్శనకై ఆడించుటను 1998వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము నిషేధించెను. కావున పెట్టెలో పామును పెట్టుకొని బడికి వచ్చు పద్ధతి మనకు తగదు. అంతమాత్రమున పాఠమే వలదని మేమనము. ప్రాణిని బడికి ఈడ్చుకొని రాక, బడినే ప్రాణి యొద్దకు నడిపింపవలెననుట మా యభిప్రాయము. అట్టి పాఠములలో మొదటిది పాముపాఠము కావలెననియు మేము నమ్ముచున్నాము. కారణములు చెప్పెదము.

2000 మొదలు 2019వఱకు గల ఇరువదియేండ్లలో మన దేశమున పాముకాటువలన మరణించినవారు సుమారు పండ్రెండులక్షలమంది యని 2020వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. అనగా ఏటేట సగటున 58,000 మంది. అందు నాలుగవ వంతునకు మించి పదునైదేండ్లకు లోబడిన బాలబాలికలు. మరణములలో సగము జూను మొదలు సెప్టెంబరువఱకు గల వానకాలముననే సంభవించినవి. మిక్కిలిగ నష్టపడిన రాష్ట్రములలో, తెలంగాణమును గలుపుకొని లెక్కించిన ఆంధ్రదేశ మొకటి. ఈ చావులు పల్లెలవి, పొలములవి, నేలమీద చాపవేసి పడుకొను ఇండ్లవి. యుద్ధమునందు ఏటికి ఇంతమంది గతించినచో దేశమంతయు గగ్గోలు పడియుండెడిది. పాముకాటు చావు మాత్రము నుదుటివ్రాత యని యూరిలోనే సమసిపోవుచున్నది.

అందువలననే 2024వ సంవత్సరము మార్చిలో కేంద్రప్రభుత్వము పాముకాటు నివారణకు జాతీయ కార్యప్రణాళికను వెలువరించి, 2030 నాటికి ఈ మరణములను సగమునకు తగ్గింపవలెనని సంకల్పించినది. సంకల్పము మెచ్చదగినది. కాని కట్లపాము ఏదో, జెఱ్ఱిపోతు ఏదో యెఱుగని ప్రజల నడుమ ఏ ప్రణాళిక ఫలించును? ఆ యెఱుక బడిలో గాక మఱెక్కడ మొదలు కావలెను?

ఇప్పుడు మన బడులలో పాముపాఠమన నేమి జరుగుచుండెనో మే మొకచోట చూచితిమి. ఊరిపేరు చెప్పుట అనవసరము. బుట్టలతో వచ్చిన ఒక పాములవానిని ఉపాధ్యాయులే పిలిచి, పిల్లలను చుట్టును కూర్చుండబెట్టిరి. వాడు నాగస్వరము నూదెను. పాము పడగవిప్పి ఊగెను. పిమ్మట ఒక ముంతలో పాలు పోసి దాని మూతిని ముంచెను. పిల్లలు చప్పట్లు చఱచిరి; తలా ఒక నాణెము వేసిరి; వాడు వెడలిపోయెను. ఆ గంటలో వారు నేర్చినదేమి? పాము పాటకు ఆడుననియు, పాలు త్రాగుననియు. రెండును అసత్యములు. పామునకు వెలుపలి చెవి లేదు. అది నేలపై కలుగు అదురును, కొలదిపాటి మంద్రధ్వనిని గ్రహించును గాని, రాగమునకు తలయూపదు. తన యెదుట కదలు బుఱ్ఱను కాటువేయదగిన శత్రువుగ భావించి దానివెంట తల త్రిప్పును. పాలు దాని యాహారము గాదు. దినములకొలది నీరులేక ఎండిన ప్రాణి ఏ ద్రవము నిచ్చినను నోరు పెట్టును. మఱి ఆ పామునకు కోఱలు పెఱికియుండిరి. అట్టి ప్రాణి పెక్కుదినములు బ్రతుకదు. చచ్చుచున్న జంతువును చూపి అసత్యమును బోధించుటను విద్యయనుట యెట్లు?

మన పూర్వులకు ఇంతకంటె సునిశితమైన చూపుండెను. అమరకోశమున సర్పమునకు చక్షుశ్శ్రవమను పేరొకటి కలదు. కన్నులే చెవులుగా గలదని యర్థము. కన్ను వినుననుట శాస్త్రము గాకపోవచ్చును; కాని దానికి బయటి చెవి కానరాదను సంగతిని చూచి పేరు పెట్టిరి. ఆ చూచు నలవాటు మనకు పోయి, పేరు మాత్రము మిగిలినది.

సరియైన పాఠ మెట్లుండునో తెలియగోరువారు మదరాసునకు పోయి గిండీలోని సర్పోద్యానమును చూడవలెను. అది 1972వ సంవత్సరమున రోములస్ విటేకర్ అను నాయన ప్రారంభించినది. ఈయన అమెరికాలో పుట్టి మన దేశమున పెరిగినవారు. 2018వ సంవత్సరమున పద్మశ్రీ పొందిరి. అచ్చట అద్దములవెనుక పాములు తమ తమ చోటుల నుండును, చూడవచ్చినవారే యతిథులు. నాలుగు విషసర్పములను గుఱుతించుట యెట్లో, కఱచినయెడల ఏమి చేయవలయునో వచ్చినవారికి బోధింతురు. బాలుడు అద్దమునకు మోము చేర్చి నిలిచినప్పుడు జరుగు మార్పు గమనింపదగినది. మొదట వాడు పాము తనమీదికి వచ్చునని యెదురుచూచును. పాము రాదు. నాలుక చాచి గాలిని వాసన చూచుకొని, మెల్లగా రాతిచాటునకు పోవును. పాము తన్ను తరిమి కఱచునదిగాక, దారిదొరికిన తప్పించుకొనిపోవు ప్రాణియని వాడొక నిమిషమున గ్రహించును. వంద పుటల పుస్తకము ఈ నమ్మకమును కలిగింపజాలదు.

మదరాసునకు దక్షిణమున మహాబలిపురము త్రోవలో, 1976వ సంవత్సరమున ఏర్పడిన మొసళ్ళ ఉద్యానవనము ప్రాంగణమున, ఇరుళరుల సహకార సంఘము కలదు. ఇరుళరులు తరతరములుగ పాములను పట్టుటలో ఆరితేఱిన జాతివారు. పూర్వము పాముతోళ్ళ వర్తకులకు పాములను పట్టియిచ్చి పొట్టపోసుకొనుచుండిరి. శాసనమువలన ఆ వర్తకము నిలిచిపోగా జీవనోపాధి లేకుండెను. 1978వ సంవత్సరమున వారితో సహకార సంఘ మేర్పడినది. ఇప్పుడు వారు అనుమతితో విషసర్పములను పట్టి, మట్టికుండలలో కొలది వారములుంచి, పలుమాఱులు విషము తీసి, మఱల విడిచిపెట్టుదురు. ఆ విషమును కొలదికొలదిగ గుఱ్ఱములకెక్కించి, వాని రక్తమునుండి విరుగుడు మందును తయారుచేయుదురు. వడివేల్ గోపాల్, మాసి సడయన్ అను నిద్దఱు ఇరుళరులకు 2023వ సంవత్సరమున పద్మశ్రీ లభించినది. బడికి పోని పెద్దల కంటిచూపు దేశమంతటికి ప్రాణరక్షణ మగుచున్నదని తెలిసికొనిన బాలుడు, ప్రాణినేగాక మనుష్యుని గూడ గౌరవించుట నేర్చును.

ఇక పాఠమున ముఖ్యాంశము. మన దేశమున మరణములకు ముఖ్యకారణమైన పాములు నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. నాగుపామును పడగయే పట్టియిచ్చును. కట్లపాము నల్లనిది, మేనిపై సన్నని తెల్లకట్లుండును, రాత్రివేళ ఇండ్లలో చొచ్చును. దాని కాటు నొప్పి లేనిది. నిద్రించువానికి తెలియనైన తెలియదు. తెల్లవాఱునప్పటికి కడుపునొప్పి యనును, కనుఱెప్పలు వ్రాలిపోవును, ఊపిరి యాగును. రక్తపింజర బలిసిన దేహముతో, గొలుసువంటి మచ్చలతో వరిచేలలో నుండును; బిగ్గరగ బుసకొట్టును; దానివిషము రక్తమును గడ్డకట్టనీయక మూత్రపిండములను చెఱచును. చిన్నపింజర మూరెడైనను లేకపోవచ్చును. పొలుసులను ఱంపమువలె ఒఱసికొని చప్పుడు చేయును. ఈ నాలుగింటి విషమునకు ఒక్కటే విరుగుడు మందు ప్రభుత్వ వైద్యశాలలలో దొరకును.

తక్కిన పాములలో మన కంటబడు వానిలో పెక్కింటికి మనుష్యుని చంపు విషము లేదు. జెఱ్ఱిపోతు ఎలుకలను తిని రైతు గాదెను కాపాడును. నీరుకట్టు చెఱువులో కప్పలతో చేపలతో కాలము పుచ్చును. పసిరికపాము కన్ను పొడుచునని చెప్పి దానిని చంపుట మన యజ్ఞానమే. రక్తపింజర యేదో, జెఱ్ఱిపోతు ఏదో తెలియనివాడు రెండింటిని చంపబోవును. చంపబోవుటలో కాటుతినుటయు కలదు. తెలిసినవాడు రెండింటికిని దారి విడుచును.

కాటుపడిన పిదప చేయవలసినది బాలుడు కంఠస్థము చేయదగినంత చిన్నది. కాటుచోట కోయరాదు, నోట పీల్చరాదు, త్రాటితో బిగించి కట్టరాదు, మంత్రగానికొఱకు ప్రొద్దు పుచ్చరాదు. కఱచిన కాలిని గాని చేతిని గాని కదలనీయక, రోగిని నడువనీయక, వెంటనే వైద్యశాలకు చేర్పవలెను. రాకుండ జాగ్రత్త పడుట ఇంకను సులభము: రాత్రివేళ దీపము లేనిది అడుగు పెట్టకుండుట, మంచముపై దోమతెరలో పడుకొనుట, కట్టెలమోపులో చూడక చేయి దూర్పకుండుట, చేలో కాళ్ళకు జోడు తొడుగుట. బాలుడు ఈ మాటలను ఇంటికి మోసికొని పోవును. తల్లి వినును, పాలేరు వినును, ఊరు వినును. పెద్దలకు చెప్పు పాఠము సభతో ముగియును. పిల్లలకు చెప్పు పాఠము ఇంటింట ప్రవేశించును.

2018వ సంవత్సరము ఆగస్టులో కృష్ణాజిల్లా దివిసీమయందు పాముకాట్లు పెచ్చుపెరిగి ప్రజలు భయకంపితులైరి. అప్పుడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి యాలయమున సర్పశాంతి హోమము జరిగినది. భక్తులను పరిహసించుట మా పని గాదు. నాగులచవితినాడు పుట్టయొద్ద చేతులు జోడించు మన స్త్రీలు, కనబడిన ప్రాణినెల్ల కఱ్ఱతో కొట్టువారికంటె మేలైనవారు. ఆ భక్తిలో ప్రాణిపట్ల దయయు, భయముతో గూడిన మర్యాదయు కలవు. దానికి తెలివిని జోడింపుమనుటయే మేము కోరునది. హోమము చేసిన చేతులే బడిపిల్లలకు రక్తపింజర బొమ్మను చూపి, వైద్యశాలకు దారి చెప్పినచో దేవునకును ప్రీతియే యగును.

కొంద ఱడుగవచ్చును: పాములయెడ భయము పోయిన బాలురు వానిని చేతబట్టి ఆడుకొనరా? ఈ శంక సహేతుకమైనది. పామును మెడను చుట్టుకొని ఛాయాచిత్రములు తీయించుకొని, కాటుపడి మరణించిన యువకుల వార్తలు పత్రికలలో వచ్చుచునే యున్నవి. తప్పు వారికి చూపబడిన పాఠముది. సాహసమును చూపిన ప్రదర్శన సాహసమునే నేర్పును. అందుచేతనే మేము తాకుట లేని పాఠమును కోరుచున్నాము. బోధకుడు పామును చేతబట్టి గొప్ప చూపనేకూడదు. పిల్లలకు పట్టుకొన నీయనేకూడదు. భయమును పోగొట్టుట యుద్దేశము గాదు. గ్రుడ్డిభయమునకు కన్నులిచ్చుట యుద్దేశము. కన్నుగల భయమునకే జాగ్రత్త యని పేరు.

మఱికొంద ఱనవచ్చును: మదరాసునకు పోవు ఖర్చు పల్లెబడి కెక్కడిది? హైదరాబాదున 1963వ సంవత్సరమున తెఱచిన నెహ్రూ జంతుశాల కలదు. విశాఖపట్టణమునను, తిరుపతిలోను జంతుశాలలు కలవు. వానికిని పోజాలనివారు ప్రాణి యున్నచోటికే పోవచ్చును. నెల్లూరి ప్రాంతమువారికి నేలపట్టు గూడబాతులు దగ్గఱనే యున్నవి. తీరవాసులకు వేసవి ముందర ఇసుకలో గ్రుడ్లు పెట్టు సముద్రపుతాబేళ్ళ పిల్లలను కడలిలో విడుచుట చూచు భాగ్యము కలదు. మదనపల్లెయొద్ద ఋషివ్యాలీ విద్యాలయపు బాలురు తమ లోయలోని పక్షులను ఏండ్లకొలది చూచి గుఱుతులు వ్రాసికొనుచుండుట విద్యాభిమాను లెఱిగినదే.

ఏ దూరమును పోలేని బడికి పట్టుపురుగు చాలును. హిందూపురము ప్రాంతమున పట్టుపురుగులను పెంచు రైతులు పెక్కుమంది. వారియొద్దనుండి నాలుగు పురుగులను తెచ్చి, చిల్లులుగల పెట్టెలో నుంచి, దినదినము లేత కంబళియాకు వేయవలెను. సుమారు నాలుగువారములలో నాలుగుమాఱులు కుబుసము విడిచి, గూడు కట్టుకొనును. ఆ గూటి నూలును విప్పినచో వేయి మీటరుల పొడవుండవచ్చును. ఆకు వేయుట మఱచిన దినమున పురుగు చచ్చును. ఇతర ప్రాణి బ్రతుకు తన చేతిలో నున్నదని బాలుడు మొదటిసారి తెలిసికొనునది అప్పుడే. పట్టుచీరకొఱకు ఆ గూటిలోని ప్రాణిని వేడినీట చంపుదురని తెలిసినప్పుడు వాడు ప్రశ్న లడుగును. ఉపాధ్యాయుడు దానిని దాటవేయరాదు. ఆ ప్రశ్న పుట్టుటయే విద్యకు ఫలము.

మేము కోరునది పెద్ద వ్యయముతో గూడినది గాదు. తొలకరికి ముందు, వేసవి సెలవుల పిదప బడులు తెఱచిన మొదటి పక్షమున, ప్రతి పాఠశాలలోను ఒక దినమును పాముపాఠమునకు కేటాయింపవలెను. అటవీశాఖవారు తెలిసిన బోధకుని పంపవలెను. సమీప వైద్యశాల వైద్యుడు కూడ రావలెను. విరుగుడుమందు తన వైద్యశాలలో నున్నదో లేదో ఆయనయే పిల్లలయెదుట చెప్పవలెను. లేదని చెప్పవలసివచ్చిన సిగ్గు, అధికారులకు వ్రాయు నూఱు జాబులకంటె నెక్కువ పనిచేయును. ఏటి కొకమాఱు జంతుశాలకో చెఱువునకో పిల్లలను నడిపింపవలెను. పాములవానిని బడిలోనికి పిలువరాదు.

భూవసతిగల మా పాఠకులకు ప్రత్యేకముగ ఒక మాట. మీ చేలలో కోతకు వంగువాడు మీ సంపదకు మూలము. వాని కాలి కొక జోడు, చేతి కొక దీపము, ఊరిబడికి ఒక బండి ఖర్చు మీకు భారములు గావు. పట్టణవాసులైన పాఠకులు మరొకటి చేయవచ్చును: తమ బిడ్డలను వినోదమునకు జంతుశాలకు తీసికొనిపోవునప్పుడు, బోనుముందు అల్లరిచేసి రాళ్ళు విసరక, ఒక ప్రాణియొద్ద పది నిమిషములు మౌనముగ నిలుచుట నేర్పవలెను.

మరల తొలకరి వచ్చును. పుట్టలలో నీరు నిండును. పాము మెరకకు ప్రాకును. రైతు చేలోకి దిగును. ఇద్దఱును ఒకే గట్టుమీద కలిసికొందురు. ఆ గట్టుమీద నిలిచినవాడు చూడనేర్చినవాడైనచో ఇద్దఱు బ్రతుకుదురు. లేనిచో ఒకరైనను, ఒక్కొక్కప్పుడు ఇద్దఱును, చత్తురు. ఆ చూపును నేర్పుట బడి పని. మన బడులు ఈ యేడే దానిని ప్రారంభించుగాక.